ఇరవై వేసెయ్

వార్డు సిస్టర్ గోడగడియారం వంక ఒకసారి, ఎదురుగా నిలబడ్డ ఇద్దరమ్మాయిల వంక ఒకసారి చూసి, "ఊఁ, కానివ్వండి" అంది.

అనడమే తడవు, తూనీగ కిటికీ పక్క మంచం దగ్గర ఉంది. ఆ పేరు కాలేజీలో ట్యూటరమ్మ పెట్టింది, ఊరికే పెట్టలేదు. రెండో అమ్మాయి ఇంకా జేబులోంచి పెన్ను తీసి, అది రాస్తుందో లేదో అరచేతి మీద గీసి చూసుకుంటోంది. ఆమె పేరు నిదానం. అదీ ట్యూటరమ్మ పెట్టిందే, అదీ ఊరికే పెట్టింది కాదు.

ఇద్దరూ నర్సింగు మూడో ఏడు చదువుతున్నారు. ఈ పెద్దాసుపత్రిలో వేసవి ఎక్స్‌టర్న్‌షిప్ అని ఒకటుంది. చదువు పూర్తికాకముందే సెలవుల్లో వచ్చి, వార్డులో అసలు నర్సుల పక్కన నిలబడి పని నేర్చుకోవడం. అక్కడ ఒకసారి కాలు పెట్టినవాళ్లని ఆసుపత్రి మళ్లీ వదులుకోదని, చదువు ముగిసేసరికి ఉద్యోగం ఎదురొస్తుందని పేరు. అందుకని కాలేజీలన్నీ దానికోసం ఎగబడతాయి. వీళ్ల కాలేజీకి దక్కేది ఒకే ఒక్క సీటు. మార్కులు, వ్యాసాలు, ఇంటర్వ్యూలు, అన్ని జల్లెడలూ పట్టాక చివరికి మిగిలింది ఈ ఇద్దరూ. ఒకే బస్సులో వచ్చేవాళ్లు, మధ్యాహ్నం ఒకే డబ్బాలో చెయ్యి పెట్టేవాళ్లు.

పరీక్ష చూడటానికి చిన్నదే. ఈ వరసలో ఉన్న ఆరు మంచాలకీ పొద్దుటి లెక్కలు తీయాలి. జ్వరం, నాడి, ఊపిరి, రక్తపోటు. ఎవరి కాగితం వాళ్లది. తూనీగ కిటికీ వైపు నుంచి, నిదానం తలుపు వైపు నుంచి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

కిటికీ పక్క మంచంలో ఒక పెద్దాయన ఉన్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కడుపు ఆపరేషనై ఇంకా కుట్లు విప్పలేదు. తూనీగ ఆయన చంకలో థర్మామీటరు పెట్టి, మణికట్టు పట్టుకోగానే, "కాస్త చూసి పట్టుకోమ్మా, మా ఆవిడ ఇక్కడే ఉంది" అన్నాడు.

పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ, "ఉంటే మాత్రం ఏం కనిపిస్తుంది? కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతకమని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా" అంది.

తూనీగ మాస్కు వెనకాల నవ్వింది. నవ్వుతూనే నాడి లెక్కపెట్టింది. అది సరిగ్గానే లెక్కపెట్టింది. రక్తపోటు పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవికి వినబడ్డది రాసింది. అదీ సరిగ్గానే రాసింది. ఇక మిగిలింది ఊపిరి.

ఊపిరి లెక్కపెట్టడానికి ఒక పద్ధతుంది. నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదలకూడదు. ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ, ఛాతీ లేచి పడటం ఓరకంట చూసి, నిండు నిమిషం లెక్కపెట్టాలి. తన ఊపిరి ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే ఏ మనిషీ మామూలుగా ఊపిరి తీయలేడు మరి. ఇది కాలేజీలో నేర్పేది. వార్డులో నేర్పేది వేరు. తూనీగ మొదటిసారి వార్డుకొచ్చి, పేషెంట్ల ఛాతీల వంక కళ్లప్పగించి నిలబడితే, ఒక సీనియర్ నర్సు విసుక్కుని, "మనిషి మాట్లాడుతున్నాడా? మాట్లాడుతున్నాడుగా! ఇరవై వేసెయ్" అంది. ఆ తర్వాత గమనిస్తే ఏ చార్టు తిరగేసినా ఇరవైలే. ఆసుపత్రికి ఆసుపత్రే ఒక్క తాళానికి ఊపిరి పీలుస్తోంది.

తూనీగ ఇరవై వేసింది. పక్క మంచానికి పద్దెనిమిది. ఆ పక్కదానికి మళ్లీ ఇరవై. వరసపెట్టి ఇరవైలే ఉంటే చూసేవాళ్లకి అనుమానం వస్తుందని, చివరిదానికి ఇరవై రెండు వేసింది. తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది ఆ ఇరవై రెండు గురించే. బద్ధకానికైతే ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. ఆ తెలివికి ఏం సాకు చెప్పుకుంటుంది?

ఆమె కాగితం సిస్టర్ బల్లమీద పెట్టేసరికి నిదానం ఇంకా మధ్య మంచాల దగ్గరే ఉంది. ఒక ముసలాయన కాళ్లమీది దుప్పటి జారితే సర్దింది. సర్దమని పరీక్షలో ఎవరూ అడగలేదు. సిస్టర్ ఫోను మోగితే ఎత్తి, "ఇద్దరమే ఉన్నామండీ, ఇంకెక్కణ్ణుంచి పంపను?" అని విసుక్కుని పెట్టేసింది. పెట్టేసి తూనీగ కాగితం చూసి, అంకెలు పొందిగ్గా ఉన్నాయని కాబోలు, తల పంకించింది.

నిదానం చివరికి కిటికీ మంచం దగ్గరికి చేరింది. పెద్దాయన చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తూనీగకి ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, ఆమె కళ్లు గడియారం మీదికీ ఛాతీ మీదికీ తిరుగుతున్నాయి. పెద్దాయన, "నిలబడే కునుకు తీస్తున్నావా తల్లీ?" అన్నాడు. నిదానం ఏదో సమాధానం చెప్పి, చెయ్యి మాత్రం వదల్లేదు. మొహం చిట్లించుకుని, గడియారం ముల్లు పైకి వచ్చేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రక్తపోటు పట్టీ చుట్టబోతుండగా సిస్టర్, "చాలు, ఇలా తీసుకురా" అని పిలిచింది. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

సిస్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో వరసగా దిగుతూ వచ్చి, చివర ఆగింది.

"ఇదేంటి? కిటికీ మంచానికి నువ్వు ఇరవై రాశావు. ఈ అమ్మాయేమో ఇరవై ఎనిమిది రాసింది. ఉన్నది ఒక్క మనిషే. ఏది నమ్మమంటారు?"

తూనీగ తన కాగితం మీది ఇరవైల వంక చూసింది. నేను లెక్కపెట్టలేదు సిస్టర్ అని ఒక్క ముక్క అంటే చాలు. అంటే సీటు పోతుంది. అనకపోతే? ఆమె చేతులకన్నా నాలుకే వేగమని అప్పటిదాకా ఆమెకీ తెలియదు.

"నేను చూసినప్పుడు పడుకుని ఉన్నారు సిస్టర్. తర్వాత లేచి బాత్రూముకి వెళ్లొచ్చారు. ఆ ఆయాసమై ఉంటుంది" అంది.

పెద్దాయన మంచం దిగనేలేదు.

నిదానం మెల్లిగా తల తిప్పి తూనీగని చూసింది. ఏదో అనబోయి ఆగింది.

"నువ్వేమంటావ్?" అని సిస్టర్ ఆమెని అడిగింది.

"నేను అటు తలుపు వైపు, తెర వెనకాల ఉన్నాను సిస్టర్. ఆయన లేవడం చూళ్లేదు."

"మనిషి నడిచొచ్చాక కాస్త ఆగి చూడాలని తెలీదూ? పైగా ఒక గడి ఖాళీ. ఇక్కడ వార్డంతటికీ ఇద్దరం చచ్చీచెడీ నెట్టుకొస్తున్నాం. ఇంత నిదానమైతే ఎలా తల్లీ?"

సిస్టర్‌కి ఆ పేరు సంగతి తెలియదు. ఎప్పుడూ ఆ పేరు విని నవ్వే నిదానం ఈసారి నవ్వలేదు. ఫోను మళ్లీ మోగింది. సిస్టర్ అటు చెయ్యి చాస్తూనే తూనీగతో, "నువ్వు ఎల్లుండొచ్చి బ్యాడ్జి తీసుకో. మీ కాలేజీకి నేను చెప్తాను" అంది. ఇన్నాళ్ల ఎదురుచూపులు అంత తేలిగ్గా అయిపోయాయి.

మెట్ల దగ్గర నిదానం ఆగి, "నువ్వు పదవే. నాకు కాస్త పనుంది" అంది. ఏడవడానికి చోటు చూసుకుంటోందని తూనీగ అనుకుంది. ఆపితే ఏం మాట్లాడాలో తెలియక, ఆపకుండా వచ్చేసింది. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, రోజూలాగే తన సంచీ పక్క సీటు మీద పెట్టింది. ముందెక్కేది తూనీగ, సంచీ పెట్టి సీటు ఆపేది తూనీగ, అందరూ ఎక్కాక తీరిగ్గా ఎక్కి వచ్చేది నిదానం. ఎవరో వచ్చి, "ఎవరైనా ఉన్నారామ్మా?" అని అడిగినప్పుడు గుర్తొచ్చి, లేరని సంచీ తీసేసింది.

తూనీగ వాళ్లమ్మ ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాములు కుడుతుంది. ముందుగది అంతా నీలం గుడ్డముక్కలు. కబురు వినగానే మిషను ఆపి, వీధి గుమ్మంలోకి వెళ్లి, "ఏమండోయ్, మా పిల్లకి పెద్దాసుపత్రిలో సీటొచ్చింది!" అని ఎదురింటావిడని కేకేసింది. ఎదురింటావిడ పక్కింటామెకి చెప్పింది. పక్కింటామె ఎవరికి చెప్పిందోగాని, తూనీగ ముఖం కడుక్కుని వచ్చేసరికి గుమ్మం నిండా మనుషులు.

"ఎంతమందిలో వచ్చిందనుకున్నారు? అలా చెయ్యి పట్టుకుంటే చాలు, ఒంట్లో ఏముందో చెప్పేస్తుంది. ఆసుపత్రివాళ్లే ముక్కుమీద వేలేసుకున్నారట" అంటోంది అమ్మ. తూనీగ ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"అమ్మా, ఇంక చాలు" అంది.

"చాలేంటే? చెప్పుకోవడానికి ఏమీ లేనప్పుడు నోరు మూసుకునే ఉన్నానుగా ఇన్నాళ్లూ" అంది అమ్మ. అందరూ నవ్వారు. ఒకామె తన చెయ్యి చాపి, "ఏదీ, నాకేముందో చెప్పు" అంది. తూనీగ ఆ మణికట్టు పట్టుకుని, వేళ్ల కింద కొట్టుకుంటున్న నాడి వింటూ, ఆమె ఛాతీ వంక చూడలేక, "మీకేమండీ, గుండ్రాయిలా ఉన్నారు" అంది. దానికీ నవ్వారు.

ఆ సాయంత్రమే అమ్మ తెల్లగుడ్డ తీసింది. వేసవికి కొత్త కోటు కుట్టాలట.

"కొలతలు తీసుకోవా?"

"నిన్ను కన్నదాన్ని. నీ కొలత నాకు తెలీదూ?" అని కత్తెర వేసేసింది.

మర్నాడు కాలేజీలో ట్యూటరమ్మ తూనీగని బల్ల దగ్గరికి పిలిచి అందరి ముందూ వీపు తట్టింది. నిదానం కూడా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తూనీగకి ఎక్కడో గుచ్చుకున్నాయి. తిడితే బావుండును. ముఖం తిప్పుకుని పోయినా బావుండును. కోపంగా ఉన్న మనిషితో తనూ కాస్త కోపం తెచ్చుకుని బతికేయొచ్చు. ఈమె మాత్రం మధ్యాహ్నం ఎప్పటిలాగే డబ్బా మూత తీసి, మధ్యలో పెట్టి కూర్చుంది.

"నీ చేతివేగం నాకెప్పటికి వస్తుందో" అంది నిదానం. ఎత్తిపొడుపేమోనని తూనీగ ఆమె ముఖంలోకి చూసింది. ఏమీ కనిపించలేదు. రెండు ముద్దలయ్యాక నిదానం మళ్లీ, "అది కాదుగాని, ఆ తాతగారు లేరూ, నిన్న నేను..." అని మొదలుపెట్టింది.

తూనీగ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంక వదిలెయ్యవే బాబూ! అయిపోయిందిగా!" అంది. గొంతు తననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. పక్క బెంచీవాళ్లు తిరిగి చూశారు.

నిదానం "సరేలే" అని, తను తినాల్సిన సగం అలాగే వదిలేసి మూత పెట్టింది.

ఇంటికెళ్లేసరికి కోటు తయారైంది. తొడుక్కుంటే భుజాల దగ్గర పట్టేసింది. చేతులు ముందుకి చాస్తే చంకలో కుట్టు చురుక్కుమంటోంది. అమ్మ వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి చూసి, "ఎప్పుడు పెరిగావే ఇంత?" అని తప్పు కూతురిమీదికి తోసి, "పోనీ, విప్పి కుడతాలే" అంది.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. తూనీగ పాత కోటే వేసుకుని, మాస్కు పెట్టుకుని వార్డులోకి వెళ్లింది. వెళ్తూనే కిటికీ వైపు చూసింది. మంచంలో వేరే ఎవరో ఉన్నారు. నల్లటి జుట్టు మనిషి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్టూలు ఖాళీగా ఉంది.

ఇంటికెళ్లిపోయి ఉంటారు అనుకుంది. కుట్లు విప్పకుండా ఎవరూ ఇంటికెళ్లరని ఆమెకి తెలుసు. నేల తుడుస్తున్న ఆయమ్మని అడిగింది.

"డ్రైవరు తాతా? మొన్న మధ్యాహ్నమే పైకి తీసుకుపోయారమ్మా. ఆయాసం ఎక్కువైంది. ఆక్సిజన్ పెట్టి తోసుకుపోయారు." పైన అంటే ఐసీయూ. ఆయమ్మ బకెట్టు జరుపుకుని పక్క మంచం కిందికి వెళ్లిపోయింది.

తూనీగ కిటికీ మంచం వంక మళ్లీ చూసింది. ఇరవై ఎనిమిది నిజం. తను ఇరవై వేసింది. ఇరవై ఎనిమిది రాసిన మనిషి లెక్కే తప్పనిపించేలా చేసింది. సిస్టర్ లేచి చూసేదేమో, లేవకుండా చేసింది తన మాటే. ఆయన పోయాడేమో. వెనక్కి తిరిగి మెట్లు దిగి పారిపోదామనుకుంది. ఒక అడుగు వేసింది కూడా.

"వచ్చావా? ఇటు రా, బ్యాడ్జి రాయించాలి" అని సిస్టర్ పిలిచింది. సొరుగు లాగుతూ, "నిన్న నాకు సెలవు. ఇవాళొస్తే ఇక్కడంతా ఒకటే కథ. కిటికీ మంచం తాతగారికి ఊపిరితిత్తిలో రక్తం గడ్డకట్టిందట. మొన్న నా డ్యూటీ దిగాక ఎవరో స్టూడెంటు పిల్ల వచ్చి మళ్లీ ఊపిరి లెక్కపెట్టి, డాక్టర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు" అంది.

బతికే ఉన్నాడు. ఏ పిల్లో తూనీగకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు కాస్త పనుంది అన్న మాట చెవిలో వినబడింది. ఏడవడానికి చోటు వెతుక్కుంటోంది అనుకుంది తను.

అంతలో తలుపు దగ్గర, "సిస్టరమ్మా, నా కళ్లజోడేమైనా దొరికిందా? పైన చీటీలు చదవడానికి చచ్చిపోతున్నా" అంటూ పెద్దావిడ వచ్చింది. బల్ల పక్కన తెల్లకోటూ మాస్కూ కనిపించేసరికి గబగబా దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి, తూనీగ రెండు చేతులూ పట్టేసుకుంది.

"నువ్వేగా తల్లీ! సిస్టరమ్మా, ఈ పిల్లే. ఈ బంగారుతల్లే మళ్లీ వచ్చింది మొన్న!"

సిస్టర్ తలెత్తింది. "నువ్వా? ఆ పొద్దున బాత్రూము ఆయాసమని అనేసి వెళ్లినా, అనుమానం తీరక మళ్లీ వచ్చావన్నమాట. చెప్పవేం మరి?" ఆమె ముఖంలో అంత మెప్పు తూనీగ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

తూనీగ కాదనలేదు. అవుననీ అనలేదు. తల వంచుకుంది. వంచుకుంటే ఒప్పుకున్నట్టు ఉంటుందని, అడిగితే నేను ఒప్పుకోలేదుగా అనొచ్చని, ఆ తల వంచడంలో కూడా ఆమె లెక్క చూసుకుంది. సీటు ఉంటుంది, పైగా పేరూ వస్తుంది. నిదానం తనంతట తను ఎవరికీ చెప్పుకునే మనిషి కాదు.

"ఎంత అణకువో చూడండి" అంది పెద్దావిడ. ఆ చేతులు వదలకుండానే, "ఆయన పైకి వెళ్లాక కళ్లు తెరిచి మొదటి మాట నీ గురించేనమ్మా. పొద్దున వచ్చిన ఇద్దరిలో ఒకమ్మాయి ఇలా పట్టుకుని అలా వదిలేసింది, రెండో అమ్మాయి మాత్రం చెయ్యి వదల్లేదే, మనకి ఒక కూతురుంటే అలాగే పట్టుకునేదేమో అన్నారు" అంది.

తూనీగ చేతులు ఆమె చేతుల్లో ఉన్నాయి. వాటిని లాక్కోవాలనిపించింది. ఎవరో తన ఒంటిమీది గుడ్డలు నడివీధిలో లాగేసినట్టుగా సిగ్గేసింది.

"నేను కాదండీ" అంది.

"ఆఁ?"

"ఆ రెండో అమ్మాయిని నేను కాదు. ఇలా పట్టుకుని అలా వదిలేసిందాన్ని నేను." సిస్టర్ వైపు తిరిగింది. "నేను లెక్కపెట్టలేదు సిస్టర్. ఆరు మంచాల్లో ఒక్కరికీ ఊపిరి లెక్కపెట్టలేదు. ఉత్తినే అంకెలు వేశాను. తాతగారు బాత్రూముకి వెళ్లలేదు. అదీ నేను కల్పించిందే. ఆ అమ్మాయి రాసిందే నిజం."

పెద్దావిడ చేతులు వాటంతటవే వదులయ్యాయి. సిస్టర్ సొరుగులోంచి కళ్లజోడు తీసి ఇచ్చింది. పెద్దావిడ చీరచెంగుతో అద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, తూనీగని పాదాల దగ్గర్నుంచి తల దాకా ఒకసారి చూసింది. తిడుతుందనుకుంది తూనీగ. ఆమె తిట్టలేదు. "ఆ అమ్మాయి కనిపిస్తే ఒకసారి పైకి రమ్మని చెప్పు" అని, నెమ్మదిగా తలుపు వైపు వెళ్లిపోయింది.

సిస్టర్ చాలాసేపు బల్లమీది పెన్ను అటూ ఇటూ దొర్లించింది.

"రెండు కాగితాలూ నా ముందే ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేసి చూసి ఉంటే సరిపోయేది. నువ్వు చెప్పింది నాకు వీలుగా ఉంది, నమ్మేశాను" అంది. తర్వాత గొంతు మారింది. "ఆ కిటికీ మంచం దగ్గరికి వెళ్లు. ఆయన ఊపిరి లెక్కపెట్టి రా. నిమిషం నిండాలి."

తూనీగ వెళ్లింది. నల్లజుట్టు మనిషి చెయ్యి పట్టుకుంది. సెకన్ల ముల్లు పైకి వచ్చేదాకా ఆగింది. నిమిషం అంత పొడుగ్గా ఉంటుందని ఆమెకి తెలియదు. ఛాతీ లేస్తోంది, పడుతోంది. మధ్యలో ఒకసారి ఆగినట్టై మళ్లీ లేచింది. పక్క మంచం మనిషి దగ్గాడు, ఎవరో స్టూలు లాగారు, ఆమె చూపు తిప్పలేదు. పద్నాలుగు వచ్చింది. వచ్చి సిస్టర్‌కి చెప్తే సిస్టర్ ఆ అంకె చార్టులో వేసింది.

"మీ ట్యూటరమ్మతో నేను మాట్లాడతాను. సీటు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదనుకుంటా. ఇంక వెళ్లు" అంది.

ఇంట్లో అమ్మ మిషను దగ్గర కోటు భుజాలు విప్పుతోంది. తూనీగ గడపలోనే నిలబడి అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ అమ్మ బ్లేడుతో ఒక్కొక్క కుట్టే తెంపుతూ, దారాలు నేలమీద పడేస్తూనే ఉంది.

"ఆయన బతికాడుగా?" అని మాత్రం అడిగింది.

"బతికాడు."

"ఆ పిల్లేగా, మనింటికొచ్చి తిన్న కంచం కడిగి బోర్లించి పోయేది?"

"ఆఁ."

అమ్మ కోటు మడిచి పక్కన పెట్టింది. అప్పటికి ముఖమెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వీధంతా నేనే చెప్పాను. ఇప్పుడు సీటు లేదని నువ్వే చెప్పుకో. గడపగడపకీ వెళ్లి చెప్పుకో. నేను మాత్రం చెప్పను" అంది. మళ్లీ నీలం గుడ్డ ముందుకి లాక్కుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. తూనీగ ఎదురింటిదాకా వెళ్లి, తలుపు మీద వేసిన చెయ్యి తీసేసి, మళ్లీ వేసింది.

మర్నాడు పొద్దున బస్‌స్టాపులో నిదానం అప్పటికే వచ్చి ఉంది. తూనీగ రాత్రంతా కూర్చుకున్న మాటలు ఆమెని చూడగానే ఎటు పోయాయో పోయాయి.

"ట్యూటరమ్మ ఫోన్ చేసిందే. సిస్టర్ అంతా చెప్పిందట" అంది నిదానం.

"తాతగారి భార్య నిన్ను ఒకసారి పైకి రమ్మంది."

"సరే."

"తిట్టవే" అంది తూనీగ. "నాలుగు తిట్టు. ఆ రోజు సిస్టర్ ముందు నేను అబద్ధం ఆడుతున్నానని తెలిసి కూడా నోరు మెదపకుండా ఊరుకున్నావు. నన్ను కాపాడటానికేగా? అంత మంచితనం నాకెందుకే? అప్పుడే మొహం పగలగొట్టి ఉంటే..."

"తెలిసా?" అంది నిదానం. ఆమె నొసలు ముడిపడింది. "నాకేం తెలుసు? నాకు తెలిసింది నిన్న, ట్యూటరమ్మ చెప్తే."

తూనీగకి అర్థం కాలేదు. "మరి మళ్లీ ఎందుకెళ్లావు?"

నిదానం ఎప్పటిలాగే ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. "నువ్వు బాత్రూముకి వెళ్లొచ్చారన్నావు. వెళ్లొచ్చారనే అనుకున్నా. నేనే తొందరపడ్డాను, కాస్త ఆగి చూడాల్సింది అనుకున్నా. నా లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకుందామనే వెళ్లానే. ఆయన పడుకుని ఉన్నప్పుడు చూస్తే నువ్వు రాసినట్టు ఇరవై వస్తుందనుకున్నా. ఎన్నిసార్లు లెక్కపెట్టానో. ఇరవై రాలేదు. ఇంకా పెరిగింది. అప్పుడు కూడా నువ్వు అబద్ధం చెప్పావని అనుకోలేదు. నువ్వు చూసి వెళ్లాక ముదిరింది కాబోలు అనుకున్నా. ఆ సంగతి చెప్దామనే మర్నాడు మొదలుపెట్టా, నువ్వు వదిలెయ్యమన్నావు." కాస్త ఆగి, "నువ్వు చెప్పావు కదా, నమ్మాను" అంది.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది. తనని చూసి జాలిపడి వదిలేసింది అనుకుని రాత్రంతా కుమిలిపోయింది తూనీగ. అది జాలి కాదు. ఈ మనిషి తన కళ్లతో చూసిన ఛాతీని, తన వేలికింద కొట్టుకున్న నాడిని పక్కనపెట్టి, స్నేహితురాలి నోటిమాట నమ్మింది. క్షమించు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదీ సిస్టర్ ముందు అబద్ధం వచ్చినంత గబుక్కున రాబోతోందని భయమేసి మింగేసింది.

బస్సు వచ్చింది. ఎప్పుడూ ముందు దూకే తూనీగ పక్కకి జరిగి నిలబడింది. నిదానం ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, సంచీ పక్క సీటు మీద పెట్టుకుంది. తూనీగ అందరి వెనకాల ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలబడి ఆ సంచీ వంక చూసింది. అది తన కోసం పెట్టిందో, ఊరికే పెట్టిందో తెలియలేదు. అడుగు ముందుకి వెయ్యడానికి మొహం చెల్లలేదు.

కూరగాయల బుట్టతో ఒకామె వచ్చి, "ఇక్కడెవరైనా ఉన్నారామ్మా?" అని అడిగింది.

నిదానం తలెత్తి, బుట్ట పక్కనుంచి తూనీగని చూసింది. వెంటనే ఏమీ చెప్పలేదు. ఆలోచించుకుంది. ఆమె ఏ పనీ ఆలోచించకుండా చెయ్యదు.

"లేరండీ, కూర్చోండి" అని సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

బస్సు కదిలింది. తూనీగ కమ్మీ గట్టిగా పట్టుకుని, కాలేజీ వచ్చేదాకా నిలబడే ఉంది.